లేబర్ చట్టాలు మారుతూ ఉంటే చిన్న యజమాని ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: హైదరాబాద్‌లో రెండు మిఠాయి షాపులు, ఒక కిచెన్, విజయవాడలో ఇంకో షాపు. కిచెన్‌లో 18 మంది, హైదరాబాద్ షాపుల్లో 19, విజయవాడలో 9, వెరసి 46 మంది. కిచెన్‌లో ఉన్నవాళ్లలో డజను మంది బెంగాల్, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు. పీఎఫ్, ఈఎస్ఐ ఒక కన్సల్టెంటు చూస్తారు. "కొత్త లేబర్ కోడ్‌లు అంటున్నారు, వాట్సాప్‌లో రోజుకో వార్త వస్తోంది. మిఠాయిలు చేసుకోవాలా, గెజిట్ చదువుకోవాలా? ఏది మారిందో ఎలా తెలుస్తుంది? సాఫ్ట్‌వేర్ కొనాలా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. గెజిట్ మీరు చదవక్కర్లేదు. మీ దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు, ఎవరికి ఏ పేరు మీద ఎంత ఇస్తున్నారు, ఎవరు ఏ రాష్ట్రంలో పనిచేస్తున్నారు: ఈ మూడూ నెలనెలా ఒక కాగితం మీద ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోండి. ఏ మార్పు వచ్చినా ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని తాకాలి. తాకితే మీకు పని పడినట్టు. తాకకపోతే అది చదివి వదిలేసే వార్త.

ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నాను. నా దగ్గరికి నోటీసు పట్టుకుని వచ్చినవాళ్లలో "కొత్త చట్టం వచ్చిందని తెలియక" ఇరుక్కున్నవాళ్లు చాలా తక్కువ. చట్టం ఎక్కడిదక్కడే ఉంటుంది, వీళ్ల సంఖ్యే 9 నుంచి 10కో, 19 నుంచి 20కో పెరిగి ఉంటుంది. ఆ సంగతి వాళ్లు గమనించుకోరు. కాబట్టి ముందు అక్కడ మొదలుపెడదాం.

తలల లెక్క

10 మంది ఉంటే ఈఎస్ఐ, గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసు లెక్కన ఇచ్చే సొమ్ము), లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం ఇంటర్నల్ కమిటీ. 20 దగ్గర పీఎఫ్, బోనస్, ఇప్పుడు కొత్తగా పారిశ్రామిక సంబంధాల కోడ్ (పాత కార్మిక చట్టాలను కలిపి తెచ్చిన నాలుగు కోడ్‌లలో ఒకటి) కింద ఉద్యోగుల ఫిర్యాదులు వినే గ్రీవెన్స్ కమిటీ. 50 దగ్గర క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే చోటు). మనుషుల్ని పంపే కాంట్రాక్టర్‌కు లైసెన్సు ఉండాల్సిన గీత కూడా కొత్త కోడ్‌లో 50 దగ్గరే ఉంది. మీరు 46 దగ్గర ఉన్నారు కాబట్టి 10, 20ల బాధ్యతలన్నీ మీ మీద ఇప్పటికే ఉన్నాయి. ఇంటర్నల్ కమిటీ ఉందా అని అడిగితే చాలామంది మొహమొహాలు చూసుకుంటారు. ఆ చట్టం 2013 నాటిది, నాలుగు కోడ్‌లలో కలవలేదు, విడిగానే ఉంది. బయటి సభ్యులు ఒకరైనా లేకుండా ఇంట్లోవాళ్లతో నింపేసిన కమిటీ చెల్లదు. బ్రాంచి బ్రాంచికీ కమిటీ ఉండాలి.

ఇక లెక్కలో ఎవరు వస్తారన్నది అసలు చిక్కు. "పర్మనెంటు వాళ్లు 17 మందే సార్" అన్న ఒక హార్డ్‌వేర్ వ్యాపారి కేసు నా దగ్గరికి వచ్చింది. పీఎఫ్ ఆఫీసు నుంచి వచ్చిన అధికారి మస్టర్ రోల్ (హాజరు పట్టీ) చూడలేదు. క్యాష్ వోచర్లు చూశారు. ఏజెన్సీ ద్వారా వచ్చిన ఇద్దరు వాచ్‌మన్లు, వారం వారం చేతికి డబ్బు తీసుకునే లోడింగ్ వాళ్లు, ట్రెయినీ అని పేరు పెట్టిన ఇద్దరు కుర్రాళ్లు కలిసి 20 దాటారు. ఆయన దృష్టిలో వాళ్లు "మనవాళ్లు కాదు". పీఎఫ్ చట్టం దృష్టిలో కాంట్రాక్టర్ ద్వారా వచ్చినా మీ పని చేస్తే మీ ఉద్యోగే. సెవెన్-ఏ విచారణ (పీఎఫ్ బకాయి ఎంతో తేల్చేది) జరిగి, వెనకటి తేదీ నుంచి రెండు వైపుల వాటా ఆయనే కట్టుకున్నారు, వడ్డీతో సహా. వెళ్లిపోయిన కూలీ దగ్గర ఉద్యోగి వాటా వసూలు చేసుకునే దారి ఉండదు కదా.

ఇంకో సంగతి. ఒకసారి పీఎఫ్ పరిధిలోకి వచ్చాక ఇద్దరిని మాన్పించి 19కి దింపినంత మాత్రాన బయటపడరు. ఈఎస్ఐ కూడా అంతే. బ్రాంచీలన్నీ కలిపి ఒకే సంస్థ కింద లెక్క, కాబట్టి విజయవాడలో "9 మందే కదా" అనుకోవడం కుదరదు. ఆ తొమ్మండుగురికీ పీఎఫ్ ఉండాలి.

మీ కిచెన్ విషయంలో కొత్త కోడ్ నిజంగానే ఒక మార్పు తెచ్చింది. పాత ఫ్యాక్టరీల చట్టంలో కరెంటు వాడే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో అది 20 అయింది, కరెంటు లేని చోట 40. "మాది 18 మంది కిచెన్, గండం గడిచింది" అని సంబరపడే ముందు నిర్వచనం చివరిదాకా చదవాలి: గడిచిన పన్నెండు నెలల్లో *ఏ ఒక్క రోజైనా* ఆ సంఖ్య ఉంటే చాలు. దసరా, దీపావళి సీజన్లో మీరు కిచెన్‌లోకి అదనంగా మనుషుల్ని తీసుకోకుండా ఉంటారా? తీసుకుంటే ఆ పది రోజులే మిమ్మల్ని ఏడాది పొడుగునా ఫ్యాక్టరీని చేస్తాయి. పండగ సీజన్ హాజరు పట్టీని విడిగా తీసి, మీ కన్సల్టెంటు ముందు పెట్టి, ఇప్పుడున్న లైసెన్సు కొనసాగించాలా వద్దా అన్నది రాతపూర్వకంగా చెప్పమనండి. నన్నడిగితే, సీజన్లో 20కి చేరే కిచెన్ లైసెన్సు వదులుకోకూడదు. మూకుళ్లు, గ్యాసు, వేడి నూనె ఉన్న చోట ఒక ప్రమాదం జరిగితే మొదట అడిగేది ఆ కాగితాన్నే.

జీతం: ఇక్కడే అందరూ తప్పుగా విన్నారు

2025 నవంబర్ 21న నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి: వేతనాలది, పారిశ్రామిక సంబంధాలది, సామాజిక భద్రతది, వృత్తి భద్రతది. 29 కేంద్ర చట్టాలు వీటిలో కలిసిపోయాయి. అప్పటినుంచి ఊరంతా ఒకటే మాట, "బేసిక్ 50 శాతం ఉండాలంట". కోడ్‌లో అలా లేదు. బేసిక్ ఎంత పెట్టుకుంటారో మీ ఇష్టం. ఏవి వేతనంలోకి రావో ఒక జాబితా ఉంది: ఇంటి అద్దె అలవెన్సు, ప్రయాణ భత్యం, ఓవర్‌టైమ్, కమీషన్, చట్టప్రకారం ఇచ్చే బోనస్, యజమాని కట్టే పీఎఫ్ వాటా వంటివి. ఆ జాబితాలోవి కలిపి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని తిరిగి వేతనంలో కలపాలి. అంతే.

ఉదాహరణకి 30,000 జీతంలో బేసిక్ 10,000, ఇంటి అద్దె 12,000, ప్రయాణం 8,000 అనుకోండి. మినహాయింపులు 20,000. సగం అంటే 15,000. పైన ఉన్న 5,000 వెనక్కి వచ్చి కలుస్తుంది, వేతనం 15,000 అవుతుంది. ఇది అందరూ చెప్పే లెక్కే.

మీలాంటి షాపుల్లో ఎక్కువగా కనబడేది వేరే రకం. ఒక సీనియర్ కౌంటర్ మనిషికి 24,000: బేసిక్ 9,000, ఇంటి అద్దె 5,000, ప్రయాణం 2,000, స్పెషల్ అలవెన్సు 8,000. ఇక్కడ మినహాయింపులు 7,000 మాత్రమే, సగం దాటలేదు. అయినా వేతనం 9,000 కాదు. స్పెషల్ అలవెన్సు ఆ మినహాయింపుల జాబితాలో లేదు కాబట్టి అది తిన్నగా వేతనంలోకే వస్తుంది. మొత్తం 17,000. ఇప్పుడు దీని ఫలితాలు చూడండి.

గ్రాట్యుటీ: ఆరేళ్లు చేసి మానేస్తే 9,000 మీద లెక్క కడితే సుమారు 31,150 రూపాయలు వచ్చేది. 17,000 మీద సుమారు 58,850. (నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణించి, దాన్ని సంవత్సరాలతో గుణించాలి.)

పీఎఫ్: 9,000 మీద 12 శాతం కట్టేవాళ్లు 1,080 కట్టి ఊరుకునేవాళ్లు. ఇప్పుడు కనీసం పీఎఫ్ వేతన పరిమితి 15,000 దాకా, అంటే 1,800. నిజానికి ఈ మార్పు 2025లో వచ్చింది కాదు. అందరికీ ఒకే తీరుగా ఇచ్చే స్పెషల్ అలవెన్సు బేసిక్‌లో భాగమేనని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే వివేకానంద విద్యామందిర్ కేసులో చెప్పింది. అప్పటినుంచే కట్టాల్సింది. ఆరేళ్ల తర్వాత కోడ్ వచ్చిందని ఉలిక్కిపడేవాళ్లను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఈఎస్ఐ: ఇది చాలామంది చూసుకోని మూల. మొత్తం 24,000 కాబట్టి ఈ మనిషి ఇన్నాళ్లూ ఈఎస్ఐకి ఉన్న 21,000 వేతన పరిమితికి బయట ఉన్నాడు. కొత్త నిర్వచనం ప్రకారం ఆయన వేతనం 17,000, అంటే పరిమితి లోపల. మీ వేజ్ రిజిస్టర్లో 21,000 దాటి మొత్తం జీతం ఉన్న ప్రతి పేరునూ ఈ లెక్కతో మళ్లీ చూడమని కన్సల్టెంటుకు ఈ వారమే చెప్పండి. యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. డబ్బు పెద్దది కాదు. కానీ ఆ మనిషికి గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో పడితే, ఈఎస్ఐలో ఉండాల్సినవాడిని ఎందుకు చేర్చలేదన్న ప్రశ్న పెద్దదవుతుంది.

ఇంకా ముందు అసలు ఆ 9,000 బేసిక్ సంగతే ఉంది. కనీస వేతనాల జీవోలో మీ పనికి ఉన్న బేసిక్, వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) కలిపి చూడండి. ఇంటి అద్దె, ప్రయాణం పేరుతో ఇచ్చేది చూపించి కనీస వేతనం ఇచ్చేశామంటే ఒప్పుకోరు. జీతం ఎన్ని ముక్కలు చేస్తే అంత మిగులుతుందన్న సలహా ఒకప్పుడు కన్సల్టెంట్లు గొప్పగా ఇచ్చేవాళ్లు. ఇప్పుడు అలాంటి జీతం చీటీలు మార్చేయడమే మేలు. బేసిక్, ఇంటి అద్దె, అవసరమైతే ప్రయాణం. మూడు వరుసలు చాలు.

చేతికొచ్చే జీతం తగ్గుతుందా అని మీవాళ్లు అడుగుతారు. పీఎఫ్ ఇప్పటికే 15,000 మీద కడుతున్నవాళ్లకు తగ్గదు, ఆ పరిమితే కొనసాగుతోంది కాబట్టి. తక్కువ మీద కడుతున్నవాళ్లకు కొంత తగ్గుతుంది. ఆ మాట జీతం రోజున చీటీలో చూసి తెలుసుకోనివ్వకండి, ముందే కూర్చోబెట్టి చెప్పండి. నేను చూసిన గొడవల్లో సగం డబ్బు గురించి కాదు, చెప్పకుండా కోశారన్న కోపం.

రాష్ట్రం మారితే రూలు మారుతుంది

2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం రోజుకు పది గంటల దాకా పనిచేయించుకోవచ్చని జీవో ఇచ్చింది. గుర్తుందా, ఆ వారం అందరి ఫోన్లలోనూ అదే. మా క్లయింట్లలో ఇద్దరు బట్టల షాపులవాళ్లు వెంటనే షిఫ్టు మార్చేశారు. జీవో తెరిచి చూస్తే అది వాణిజ్య సంస్థలకు, *షాపులు మినహా*. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది, దాటితే ఓవర్‌టైమ్, అదీ మూడు నెలలకు 144 గంటలకు మించకూడదు. మీ మిఠాయి కౌంటర్ షాపే. ఆ జీవో మీకు సంబంధించింది కాదు. వార్త రాసినాయన "ప్రైవేటు సంస్థల్లో పది గంటలు" అని శీర్షిక పెట్టాడు, తప్పేం లేదు, శీర్షికలో మినహాయింపులు పట్టవు. అందుకే ఎంత చిన్న జీవో అయినా "వర్తించేది ఎవరికి" అన్న పేరా చదవందే ఏదీ మార్చకండి.

విజయవాడ షాపుకు తెలంగాణ జీవోలు చెల్లవు. ఆ షాపుకు షాప్స్ రిజిస్ట్రేషన్ వేరు, వృత్తి పన్ను రిజిస్ట్రేషన్ వేరు, లేబర్ వెల్ఫేర్ ఫండ్ వేరు, కనీస వేతనాల పట్టిక వేరు. హైదరాబాద్ పట్టిక చూసి విజయవాడలో జీతాలు వేసే సంస్థలు ఇప్పటికీ ఉన్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ వీడీఏ ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 1, అక్టోబర్ 1 నుంచి మారుతుంది. ఉత్తర్వు కాస్త ఆలస్యంగా చేతికొచ్చినా లెక్క ఆ తేదీ నుంచే. తేడా అరియర్స్‌గా ఇవ్వాలి.

బిల్లు, చట్టం, అమలు, రూల్స్

వేతనాల కోడ్‌కు రాష్ట్రపతి ఆమోదం 2019 ఆగస్టులో వచ్చింది. మిగతా మూడింటికి 2020 సెప్టెంబర్లో. అమలు 2025 నవంబర్లో. మధ్యలో 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చేస్తున్నాయని గట్టిగా ప్రచారం జరిగింది. ఆ మార్చిలో కొందరు హడావుడిగా అందరి జీతాల నిర్మాణం మార్చేసి, ఏప్రిల్లో కోడ్‌లు రాకపోయేసరికి మళ్లీ పాతదానికి వెళ్లాలని చూశారు. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం అంత సులువు కాదు.

కాబట్టి ఎవరైనా "కొత్త చట్టం వచ్చింది" అంటే నాలుగు ప్రశ్నలు వేయండి. ఇది బిల్లా, ఆమోదం పొందిన చట్టమా? అమల్లోకి వచ్చే తేదీ గెజిట్లో వచ్చిందా? రూల్స్ తుదివా, ముసాయిదావా? రూల్స్ చేసేది కేంద్రమా, మా రాష్ట్రమా? మీ షాపులకు, కిచెన్‌కు సంబంధించి చాలా విషయాల్లో రూల్స్ రాష్ట్రానివే. కేంద్రం 2025 డిసెంబర్ ఆఖర్లో ముసాయిదా రూల్స్ ప్రకటించినప్పుడు మా ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు. అవి చాలావరకు బ్యాంకులు, రైల్వేలు, గనులు లాంటి కేంద్ర పరిధిలోని సంస్థల కోసం. కొత్త రూల్స్ వచ్చేదాకా, కోడ్‌కు విరుద్ధం కానంతవరకు పాత రూల్స్ నడుస్తాయని కోడ్‌లలోనే ఉంది. అందుకని పాత రిజిస్టర్లు అటకెక్కించకండి.

అలాగని రూల్స్ కోసం చూస్తూ కూర్చుంటే కుదరని అంశాలూ కొన్ని ఉన్నాయి, కోడ్‌లోనే సూటిగా రాసినవి. అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి, పాతవాళ్లతో సహా. కిచెన్‌లో గిన్నెలు కడిగే మనిషికి కూడా. ఎవరైనా మానేసినా, మాన్పించినా రెండు పనిదినాల్లో వేతన బకాయిలన్నీ ఇచ్చేయాలి. "ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజుల తర్వాత" అన్న అలవాటు ఇక చెల్లదు. దీనికి సిద్ధపడాలంటే లీవుల లెక్క, అడ్వాన్సుల లెక్క ఎప్పటికప్పుడు ఉండాలి. పండగ ముందు ఇచ్చిన అడ్వాన్సు యజమాని డైరీలో, సెలవులు మేనేజర్ బుర్రలో ఉంటే రెండు రోజుల్లో తేలదు. గ్రాట్యుటీకి గడువు వేరు, 30 రోజులు. జీతం మరుసటి నెల 7వ తేదీలోపు పడాలి. ఏ కారణంగానైనా కోతలన్నీ కలిపి వేతనంలో సగం దాటకూడదు. ఫలానా ఏడాదికని కాలపరిమితి రాసి తీసుకున్న ఉద్యోగికి ఏడాది పూర్తయితే చాలు, గ్రాట్యుటీ దామాషాగా ఇవ్వాలి, ఐదేళ్లు అక్కర్లేదు.

ఇక మీ బెంగాలీ, రాజస్థానీ వంటవాళ్లు. పది మంది, అంతకు మించి వేరే రాష్ట్రాలవాళ్లు ఉండి, వాళ్ల వేతనం నెలకు 18,000 లోపు ఉంటే వాళ్లు అంతర్రాష్ట్ర వలస కార్మికులు. పాత చట్టంలో కాంట్రాక్టర్ తెస్తేనే ఆ లెక్క. ఇప్పుడు వాళ్లంతట వాళ్లు రైలెక్కి వచ్చినా వర్తిస్తుంది. సొంతూరికి వెళ్లిరావడానికి ఏడాదికోసారి ప్రయాణ భత్యం ఇవ్వాలని కోడ్ చెప్తుంది. మీరు ఎలాగూ టికెట్లు కొనిస్తూనే ఉండొచ్చు. అయితే అది లెక్కల్లో ఆ పేరుతో కనబడాలి. వీళ్లకు పీఎఫ్ నమోదు కూడా కాస్త శ్రమే. 2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవాలి. ఆధార్‌లో పేరు ఒకలా, పాత యూఏఎన్‌లో ఇంకోలా ఉంటే నెల తిరిగినా పని కాదు. చేరిన మొదటి రోజే ఫోన్ పట్టుకుని కూర్చోబెట్టి పూర్తిచేయించండి.

కన్సల్టెంటును నమ్మండి, కాగితం అడగండి

నేనూ కన్సల్టెంటునే కాబట్టి ఇది చెప్పే హక్కు నాకుంది. "అయిపోయింది సార్, కట్టేశాం" అన్న మాట రుజువు కాదు. ప్రతి నెలా 15వ తేదీ గడువు. 16న మీ టేబుల్ మీద పీఎఫ్ చలానా, ఈసీఆర్ (ఎవరి పేరున ఎంత కట్టారో చూపే నెలవారీ పీఎఫ్ రిటర్న్), ఈఎస్ఐ చలానా ఉండాలి. ఈసీఆర్‌లో పేర్ల సంఖ్య మీ హాజరు పట్టీలోని సంఖ్యతో కలవాలి. కలవకపోతే ఆ తేడా ఎవరిదో పేరుతో రాయించండి. ఒక స్కూలు యాజమాన్యం నెలనెలా నగదు చేతికిస్తే, మధ్యలో మనిషి మార్చిన చలానాలు చూపిస్తూ వచ్చాడు. ఒక టీచరు ఇల్లు కట్టుకోవడానికి పీఎఫ్ తీసుకుందామని పాస్‌బుక్ తెరిచేదాకా ఎవరికీ తెలియలేదు. బాధ్యత యాజమాన్యం మీదే పడింది, డబ్బు రెండోసారి కట్టారు. చెల్లింపు మీ బ్యాంకు ఖాతా నుంచే నేరుగా వెళ్లాలి. మూడు నెలలకోసారి ఎవరో ఇద్దరు ఉద్యోగులను పాస్‌బుక్ తెరిచి చూపించమనండి.

15వ తేదీ దాటితే ఏమవుతుందో చాలామందికి సగమే తెలుసు. పీఎఫ్ మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపైన డ్యామేజీలు, అంటే ఆలస్యానికి జరిమానా (2024 జూన్ నుంచి నెలకు ఒక శాతం చొప్పున). ఇదంతా భరించదగ్గదే. 2026 మార్చి దాకా అసలు దెబ్బ ఆదాయపన్నులో తగిలేది. ఉద్యోగి జీతంలోంచి కోసిన వాటాను గడువు దాటాక కడితే, ఆ మొత్తాన్ని ఖర్చుగా చూపించుకోవడం ఎప్పటికీ కుదరదని 2022 అక్టోబర్లో సుప్రీంకోర్టు చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో తేల్చేసింది. అప్పట్లో ఒక్క రోజు ఆలస్యమైనా అంతే. మీ ఆడిటర్‌ను అడగండి, అలా ఎంత పోయిందో, ఇప్పుడు ఆ రూలు ఎలా ఉందో చెప్తారు.

వెనకటి లోటు ఏదైనా ఉందని తెలిస్తే దాచకండి. ప్రభుత్వం అప్పుడప్పుడు కిటికీ తెరుస్తుంది. 2025 నవంబర్ 1 నుంచి 2026 ఏప్రిల్ 30 దాకా పెట్టిన పీఎఫ్ నమోదు కార్యక్రమం అలాంటిదే. 2017 జూలై నుంచి వదిలేసిన ఉద్యోగులను యజమాని తనంతట తాను చేర్చుకుంటే, కోయని ఉద్యోగి వాటా మాఫీ, డ్యామేజీలు నామమాత్రంగా 100 రూపాయలు. ఇలాంటివి వచ్చినప్పుడు వాడుకోవాలంటే మీ లోటు ఎంతో మీకు ముందే తెలిసి ఉండాలి.

తనిఖీ అంటే భయపడుతున్నారు కాబట్టి ఒక్క మాట. వేతనాల కోడ్‌లో ఇన్‌స్పెక్టరు పేరు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అయింది. కేసు పెట్టే ముందు సరిదిద్దుకోవడానికి గడువిస్తూ రాతపూర్వకంగా చెప్పాలి. అయితే ఐదేళ్లలోపు అదే ఉల్లంఘన మళ్లీ దొరికితే ఆ అవకాశం ఇవ్వక్కర్లేదు. మొదటిసారి తక్కువ వేతనం ఇచ్చినందుకు జరిమానా 50,000 దాకా. రెండోసారి లక్ష దాకా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అందువల్ల మొదటి నోటీసుకు జవాబు ఇవ్వడంతో పని అయిపోదు, సరిదిద్దినట్టు రుజువులు ఫైల్లో పెట్టుకోవాలి. ఉద్యోగి క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువుంది. వేజ్ రిజిస్టర్లు, చలానాలు, హాజరు అంతకంటే ఎక్కువ కాలమే దాచండి. పీఎఫ్ వాటినైతే పారేయకండి.

నెలకు ఒక గంట

మీ అకౌంటెంటును ఈ పనికి పేరు పెట్టి నియమించండి. నెలలో ఒక రోజు, 16 అనుకోండి, గంటసేపు మీరు, ఆయన, ఫోన్లో కన్సల్టెంటు. తలల లెక్క ఎంత, ఎవరు చేరారు, ఎవరు వెళ్లారు, చలానాలు వచ్చాయా, ఈ నెల రెండు రాష్ట్రాల లేబర్ డిపార్టుమెంట్ల నుంచి, పీఎఫ్, ఈఎస్ఐల నుంచి మనకు వర్తించే ఉత్తర్వు ఏదైనా ఉందా. లేకపోతే "ఏమీ లేదు" అని కన్సల్టెంటు ఒక మెయిల్ పెట్టాలి. ఈ ఒక్క మెయిల్ అడగడం మొదలుపెడితే చాలు, ఆయన చదవడం మొదలుపెడతారు. ఫీజు కాస్త పెంచమంటారు, పెంచండి. ఏప్రిల్, అక్టోబర్లలో వీడీఏ, నవంబర్ 30లోపు బోనస్, జనవరిలో వెల్ఫేర్ ఫండ్, ఇంటర్నల్ కమిటీ వార్షిక నివేదిక: ఇవి గోడ క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో ఉండాలి. అన్నట్టు, దీపావళికి ఉద్యోగులకు ఇచ్చే స్వీట్ బాక్సు బోనస్ లెక్కలోకి రాదు. 8.33 శాతం విడిగా ఇవ్వాల్సిందే.

సాఫ్ట్‌వేర్ గురించి: 46 మందికి పెద్ద పేరోల్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అందులో కూడా ఏ అలవెన్సును ఏ గడిలో వేయాలో చెప్పాల్సింది మనిషే. తప్పు చెప్తే అది తప్పునే ప్రతి నెలా చక్కగా ప్రింటు తీస్తుంది. ఆ డబ్బుతో మూడు షాపుల్లోనూ, కిచెన్‌లోనూ హాజరు మెషీన్లు పెట్టించండి. ఓవర్‌టైమ్ రెట్టింపు రేటుతో ఇవ్వాలంటే ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో తెలియాలి. దీపావళి ముందు రాత్రుళ్లు కిచెన్ నడిచినప్పుడు అది నోటి లెక్కతో తేలదు. 100 మంది దాటి, మూడో రాష్ట్రంలో షాపు పెట్టినప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి చూడొచ్చు.

ఈ వారం చేయాల్సినవి చెప్పమంటే ముందు రెండు: 21,000 దాటిన జీతాలవాళ్ల పేర్లు ఈఎస్ఐ కోసం మళ్లీ లెక్క కట్టించడం, గత పండగ సీజన్లో కిచెన్ హాజరు 20కి చేరిందా అని చూడడం. ఆ రెండిటి జవాబులు, ఒక ఉద్యోగి జీతం చీటీ (పేరు కొట్టేసి) ఇక్కడ పెడితే మిగతాది చూసి చెప్తాను.